నూరేళ్లు ఇంకొకరి పేరుతో బతికిన ద్రాక్ష

(శ్రీకాకుళంలో హోటల్ మేనేజ్‌మెంట్ విద్యార్థులతో మాట్లాడిన మాటలు, మాట్లాడినట్టే రాసినవి)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి నాన్నా, ఇవాళ చేతికిచ్చి చూపించేవి ఉన్నాయి, దూరంగా ఉంటే మీ దాకా రావు. బల్ల మీద సీసా చూసి మీలో మీరు ఏదో అనుకుంటున్నారు, అది ఖాళీ సీసా. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండితేనే తాగడానికి చట్టం ఒప్పుకుంటుంది, ఇక్కడ సగం మందికి ఇంకా ఆ వయసు రాలేదు, కాబట్టి గ్లాసులు తేలేదు. మీరు చెయ్యబోయే పనిలో గ్లాసు కంటే ముందు కావాల్సింది ముక్కు. అది అందరి దగ్గరా ఉంది.

మాది ఉద్దానం, కవిటి దగ్గర ఊరు. మా వైపు ఇంటికొకరు ఓడ మీద పనిచేస్తారని మీకు తెలుసు, నేనూ అలాగే వెళ్లాను. ప్రయాణికుల ఓడలో మొదట వంటగదిలో గిన్నెలు కడిగే పని, తర్వాత డైనింగ్ హాల్లో వడ్డించడం, ఆ తర్వాత వైన్ స్టీవార్డు. ఈ పనిలో నేను ఇష్టపడి, వెంటపడి నేర్చుకున్నది ఒక ద్రాక్ష గురించి. పేరు కార్మెనేర్. ఎర్ర వైన్ ద్రాక్ష. పుట్టింది ఫ్రాన్స్‌లో బోర్డో ప్రాంతంలో, ఇప్పుడు బతుకుతున్నది చిలీ దేశంలో. మీ సిలబస్‌లో రెడ్ వైన్ అంటే కాబర్నే సావిన్యోన్, మెర్లో, షిరాజ్ అని పేజీలు పేజీలు ఉంటాయి, దీనికి మహా అయితే రెండు లైన్లు. నన్నడిగితే మన కూరలు తినేవాళ్లకి వైన్ వడ్డించాలనుకునే మనిషి మొదట నేర్చుకోవాల్సింది దీన్నే.

ఇదిగో, ఇది పచ్చ క్యాప్సికమ్, పొద్దున్న రైతుబజార్లో కొన్నాను. చూడండి, మధ్యకి విరుస్తున్నాను. ఆ వాసన వచ్చిందా? కారం వాసన కాదు, తీపి కాదు, పచ్చి వాసన, చిక్కుడు తీగ తుంపినప్పుడు వేళ్లకి అంటుకుంటుందే, అలాంటిది. ముందు వరసలోవాళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని, వెనక్కి పంపండి. దీనికి కారణం పైరజీన్ అనే పదార్థం. ఎంత ఘాటైనదంటే, లీటరు నీళ్లలో రెండు నానోగ్రాములు ఉన్నా చాలు, మనిషి ముక్కు పట్టేస్తుంది. నానోగ్రాము అంటే గ్రాములో నూరుకోట్లవ వంతు. అదే పదార్థం కొన్ని ద్రాక్షల్లోనూ ఉంటుంది. కార్మెనేర్‌లో బాగా ఎక్కువ.

ఇప్పుడు ఈ ఎర్రది చూడండి. ఇది వేరే రకం అనుకుంటారు చాలామంది. ఆ పచ్చదాన్నే కొయ్యకుండా మొక్కకి ఉంచేస్తే ఇలా ముగ్గుతుంది. విరుస్తున్నాను. పచ్చి వాసన ఎక్కడో అడుగున, ఉందా లేదా అన్నట్టు ఉంది, పైన తీపి తేలింది. రెండు కాయలకీ తేడా అల్లా మొక్క మీద ఉన్న రోజులే. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టుకుని నేను చెప్పేది వినండి.

వైన్ స్టీవార్డుగా నాది మొదటి ఏడాది. ఒక రాత్రి భోజనాల దగ్గర ఒక పెద్దాయన చిలీ వైన్ అడిగారు. సీసా తెరిచి, పద్ధతి ప్రకారం ముందు నేను వాసన చూశాను. గుప్పుమని ఇదే పచ్చి క్యాప్సికమ్ వాసన. నాకు టెన్షన్ వచ్చేసింది, వైన్ చెడిపోయింది అనుకున్నాను. ఆయనకి క్షమాపణ చెప్పి లోపలికి తీసుకెళ్లి ఇంకో సీసా తెరిస్తే అదీ అంతే. రెండూ సింకులో పొయ్యబోతుంటే మా సీనియర్ చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆయన చిలీ మనిషి, రాంకాగువా దగ్గర వాళ్లది. గ్లాసులో కొంచెం పోసుకుని నోట్లో తిప్పి, ‘ఇది చెడిపోలేదు, తొందరపడి కోసేశారు’ అన్నాడు. ఆ రాత్రి డ్యూటీ దిగాక తన దగ్గరున్న ఇంకో తోట సీసా తెరిచి నా ముందు పెట్టాడు. అదే ద్రాక్ష, అదే దేశం. ఇందులో బాగా పండిన నేరేడు పండు, కోకో పొడి, ఎక్కడో కాస్త పొగ, మింగాక చివర్న మిరియం. పచ్చితనం పూర్తిగా పోలేదు, కాని కూర దించే ముందు వేసిన కొత్తిమీర ఎలా ఉంటుందో అలా ఉంది. ఒకే ద్రాక్ష ఇలా రెండు రకాలుగా ఎలా వస్తుంది అని ఆ రాత్రి నుంచి నాకు ఒకటే తపన.

కథ బోర్డో దగ్గర మొదలవుతుంది. అక్కడ ఎర్ర వైన్‌కి పాతకాలం నుంచి వాడే ద్రాక్షలు ముఖ్యంగా ఆరు, కాబర్నే సావిన్యోన్, కాబర్నే ఫ్రాంక్, మెర్లో, మాల్బెక్, పెతీ వెర్డో, ఆరోది మన కార్మెనేర్. ఈమధ్య జన్యు పరీక్షలు చేసి చూస్తే తేలిందేమిటంటే, కాబర్నే ఫ్రాంక్ ఈ ఇంటికి తండ్రి లాంటిది. మెర్లో, కాబర్నే సావిన్యోన్, కార్మెనేర్ ముగ్గురూ దాని బిడ్డలే, తల్లులు వేరు. పైరజీన్ వాసన ఆ తండ్రిలోనూ ఉంది, మెర్లోలో తక్కువ, కార్మెనేర్‌లో ఎక్కువ. సవతి అన్నదమ్ములు కదా, ఆకూ గుత్తీ దూరం నుంచి చూస్తే పోలికలు కలుస్తాయి. తర్వాత జరిగిన పొరపాటుకి ఈ పోలికే మూలం.

పేరు సంగతి కూడా చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. ఆకు రాలే కాలంలో ఈ తీగ ఆకులు ముదురు ఎరుపుకి తిరుగుతాయి, ఫ్రెంచి వాళ్లు ఆ రంగుని కార్మిన్ అంటారు, అందులోంచి కార్మెనేర్ వచ్చింది. కార్మిన్ ఎక్కడిది? వెనక్కి వెళ్తే అరబ్బీలో ఖిర్మిజ్. ఇంకా వెనక్కి వెళ్తే సంస్కృతంలో కృమిజ, అంటే పురుగు నుంచి పుట్టింది అని. పూర్వం ఆ ఎర్ర రంగుని ఒక రకం పురుగుల్ని ఎండబెట్టి నూరి తీసేవారు. మనం రోజూ అనే కృమి అన్న మాట అంత దూరం వెళ్లి ఒక ఫ్రెంచి ద్రాక్ష పేరులో కూర్చుంది.

మళ్లీ ఆ ద్రాక్షని పోగొట్టింది కూడా పురుగే. 1860ల్లో అమెరికా నుంచి వచ్చిన తీగలతో పాటు ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్స్‌లో దిగింది. మన బెండ మీదా చిక్కుడు మీదా పేనుబంక పడుతుంది చూడండి, ఆ జాతికి దగ్గరిది, కంటికి ఆనీ ఆననంత ఉంటుంది. వేరుకి పట్టి రసం పీల్చేస్తుంది, వేరు కుళ్లి తీగ ఎండిపోతుంది. కొన్ని దశాబ్దాల్లో ఫ్రాన్స్ తోటలు చాలావరకు పోయాయి. మందులు పనిచెయ్యలేదు. చివరికి పనికొచ్చింది మనకి బాగా తెలిసిన పద్ధతే, అంటు కట్టడం. అమెరికా తీగల వేళ్లు ఈ పురుగుని తట్టుకుంటాయి కాబట్టి కింద అమెరికా మొక్క, పైన ఫ్రెంచి కొమ్మ. మనం నాటు మామిడి మొక్క మీద బంగినపల్లి కొమ్మ కట్టినట్టే.

అలా తోటలన్నీ కొత్తగా వేసుకుంటున్నప్పుడు రైతు ఏ రకం వేస్తాడు? కాపు నమ్మకంగా ఇచ్చేది వేస్తాడు. కార్మెనేర్‌కి పూత బాగానే వస్తుంది కాని ఆ సమయంలో చలీ వానా తగిలితే పూత రాలిపోయి పిందె నిలవదు. పైగా ఆలస్యంగా పండుతుంది, బోర్డోలో అది పండే వేళకి శరత్కాలపు వానలు మొదలవుతాయి. జీడి తోట ఉన్నవాళ్లకి నేను వివరించక్కర్లేదు, పూత మీద మంచు పడితే ఆ ఏడు ఇంట్లో ఎలా ఉంటుందో మా ఊళ్లో చిన్నపిల్లలకీ తెలుసు. బోర్డో రైతులు మెర్లో వేసుకున్నారు, కాబర్నే వేసుకున్నారు, దీన్ని వదిలేశారు. నేను వాళ్లని తప్పు పట్టను. అలా కార్మెనేర్ ఫ్రాన్స్‌లో దాదాపుగా అంతరించిపోయింది.

కాని ఆ పురుగు రాకముందే, 1850ల్లో, చిలీలో డబ్బున్న భూస్వాములు బోర్డో నుంచి తీగ ముక్కలు ఓడల్లో తెప్పించుకున్నారు. సిల్వెస్త్రే ఒచగావియా అనే ఆయన పేరు ఈ విషయంలో ముందు చెప్తారు. మెర్లో కట్టల్లో కార్మెనేర్ ముక్కలూ కలిసిపోయి వెళ్లాయి. అక్కడ అన్నీ కలిపి నాటేశారు. చిలీ ఎలాంటి చోటో పటంలో చూడండి, నాలుగు వేల కిలోమీటర్ల పైన పొడవు, సన్నగా పొట్లకాయలా ఉంటుంది. ఉత్తరాన అటకామా ఎడారి, తూర్పున ఆండీస్ కొండలు, పడమర పసిఫిక్ సముద్రం, దక్షిణాన మంచు. నాలుగు వైపులా కోటగోడలే. ఫిలాక్సెరా ఇప్పటికీ ఆ దేశపు తోటల్ని పట్టలేదు. అంటు కట్టాల్సిన అవసరం లేకుండా సొంత వేరు మీద బతికే తీగలు అక్కడ ఈనాటికీ ఉన్నాయి.

తీగ బతికింది, పేరే పోయింది. అందరూ దాన్ని మెర్లో అనే పిలిచారు. కొందరు మెర్లో చిలెనో అన్నారు, చిలీ మెర్లో అని. పేరు మారితే వచ్చిన నష్టం ఏంటి అంటారా? పేరును బట్టే కోత. మెర్లో కంటే కార్మెనేర్ మూడు నుంచి ఐదు వారాలు ఆలస్యంగా పండుతుంది. విజయనగరం వైపు మామిడి తోటలున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఆ, ఉన్నారు. సువర్ణరేఖ ముందొస్తుంది కదమ్మా, బంగినపల్లి తర్వాత. రెండూ కలిసి ఉన్న తోటలో, సువర్ణరేఖ కోతకొచ్చిన రోజే బంగినపల్లి కూడా దులిపేశామనుకోండి, ఆ కాయని ఏం చేసినా దాని రుచి దానికి రాదు. కొన్నవాడు బంగినపల్లినే తిడతాడు. చిలీలో నూరేళ్లకి పైగా జరిగింది ఇదే. మెర్లో కోత రోజున అన్నీ కోసేసేవారు, పండిన మెర్లోలో పచ్చి కార్మెనేర్ కలిసి, చిలీ మెర్లో అంటే క్యాప్సికమ్ వాసన అని ఒక పేరు పడిపోయింది.

1994 నవంబరు 24న జాన్ మిషెల్ బూర్సికో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చిలీలోని మైపో లోయలో కార్మెన్ అనే వైన్ కంపెనీ తోటకి వెళ్లాడు. ఫ్రాన్స్‌లో మోంపెల్యే అనే ఊరి నుంచి వచ్చాడు, ద్రాక్షని ఆకూ పువ్వూ చూసి ఏ జాతో చెప్పడం ఆయన చదువు. నవంబరు అంటే అక్కడ వసంతం, తీగలు పూత మీద ఉన్నాయి. మెర్లో అని చెప్పి చూపించిన వరసలో ఒక పూగుత్తి దగ్గర ఆగాడు. పువ్వులో కేసరాలు తిన్నగా లేవు, మెలి తిరిగి ఉన్నాయి. ఇది మెర్లో కాదు, కార్మెనేర్ అని చెప్పాడు. డీఎన్ఏ పరీక్షల్లోనూ తర్వాత అదే తేలింది. 1998లో చిలీ ప్రభుత్వం దీన్ని వేరే రకంగా గుర్తించింది. ఒప్పుకోవడం రైతులకి అంత తేలిక కాలేదు, మెర్లో అంటే బయటి దేశాల్లో గిరాకీ ఉన్న పేరు, కార్మెనేర్ అంటే ఎవరికీ తెలీదు, ఉన్న పేరు వదులుకుని తెలీని పేరుతో సంతకి వెళ్లాలి. అయినా వెళ్లారు. ఆ ధైర్యానికి నేను దణ్ణం పెడతాను. ఇప్పుడు చిలీలో సుమారు 10,000 హెక్టార్లలో ఇది ఉంది, మన లెక్కలో పాతిక వేల ఎకరాల దరిదాపు. ప్రపంచంలో ఇంకెక్కడా ఇంత లేదు, చిలీ తర్వాత చెప్పుకోదగ్గంత కనిపించేది చైనాలోనే, అక్కడ కూడా కాబర్నే గెర్నిష్ట్ అని వేరే పేరుతో చాలాకాలం పెంచారు.

మా సీనియర్ నన్ను ఒకసారి తన ఊరి వైపు తీసుకెళ్లాడు. ఓడ వల్పరైసో రేవులో ఆగినప్పుడు సెలవు దొరికింది, బస్సెక్కి కచపోవాల్ నది వెంట పేఉమో అనే ఊరికి వెళ్లాం. ఏప్రిల్ నెల. మనకి ఎండలు మండిపోయే రోజులు, వాళ్లకి ఆకు రాలే కాలం. నది ఒడ్డు నేల చూస్తే నాకు నాగావళి ఒడ్డు గుర్తొచ్చింది, కాలి కింద మెత్తగా, బంకగా, తడి పట్టి ఉంచే నేల. తోటలో సగం వరసల్లో కోత ఎప్పుడో అయిపోయింది, అవి మెర్లో. పక్క వరసల్లో గుత్తులు ఇంకా వేలాడుతున్నాయి, చుట్టూ ఆకులు ఎర్రగా, అంచుల నుంచి లోపలికి పాకినట్టు ఎరుపు. ఆయన ఒక కొమ్మ చివర లేత ఆకు తుంపి వెనక్కి తిప్పి చూపించాడు, అడుగున సన్నటి నూగు, తమలపాకు నమిలిన పెదవి మీద రంగులా లేత ఎరుపు. మెర్లో లేతాకు తిప్పితే అడుగున తెల్లగా ఉంది. మధ్య భాగం కూడా మెర్లోకి కాస్త పొడుగు. నేను ఆ రెండు ఆకులూ డైరీలో పెట్టుకున్నాను, ఇదిగో, ఎండిపోయి రంగు పోయింది కాని ఆకారం తెలుస్తుంది, జాగ్రత్తగా పట్టుకోండి తల్లీ, పొడి అయిపోతుంది.

ఆ గుత్తిలోంచి ఒక పండు తిన్నాను. తొక్క మందంగా, గింజ నమిలితే గోధుమ రంగు తిరిగి కరకరమంటోంది. గింజ పచ్చగా ఉంటే ఇంకా ఆగాలి అని చెప్పాడు. ఇప్పుడు వాళ్లు చేసే పని ఇదే, ఆగడం. ఏప్రిల్ దాకా, ఒక్కో చోట మే దాకా ఉంచుతారు. వేసవి అక్కడ పొడిగా ఉంటుంది, వాన చలికాలంలో పడుతుంది, అందుకే బోర్డోలో కుదరనిది ఇక్కడ కుదిరింది. గుత్తి చుట్టూ ఆకులు కొంచెం తీసేసి పొద్దుటెండ తగలనిస్తారు, వెలుతురు తగిలితే పైరజీన్ తగ్గుతుంది. నీళ్లు ఎక్కువ పెట్టరు, ఎక్కువ పెడితే తీగ ఆకు మీద పడి పచ్చితనం పెరుగుతుంది. మరీ ఎక్కువ రోజులు ఉంచినా కష్టమే, పులుపు పడిపోయి ఆల్కహాల్ పెరిగిపోతుంది, అప్పుడు వైన్ బ్రెడ్డు మీద రాసుకునే జామ్‌ని తలపిస్తుంది. ఆ లోటు పూడ్చడానికి కొంచెం కాబర్నే, కొంచెం పెతీ వెర్డో కలుపుతారు. మీకు సీసా ఎంచే అవకాశం వస్తే లేబుల్ మీద పేఉమో, అపాల్తా, కోల్చాగువా, కచపోవాల్, మైపో అన్న ప్రాంతాల పేర్లు వెతకండి.

ఇక తిండి. దీని కోసమే ఇంత దూరం వచ్చాను.

వైన్ గురించి మాట్లాడేటప్పుడు టానిన్ అంటారు. దానికి ఇంగ్లీషులో చాలా వివరించాలి, మనకి ఒక్క మాట చాలు, వగరు. జీడిమామిడి పండు కొరికితే నాలుక పట్టేసి గొంతు గీరుకున్నట్టు అవుతుంది చూశారా, అదే టానిన్. అది మన లాలాజలంలో ఉన్న ప్రొటీన్‌ని పట్టుకుంటుంది, అందుకే నోరు ఎండినట్టు ఉంటుంది. వగరున్న వైన్‌తో మాంసం తింటే అది మాంసపు ప్రొటీన్‌ని, కొవ్వుని పట్టుకుని మన నాలుకని వదిలేస్తుంది. కార్మెనేర్‌లో వగరు కాబర్నే అంత గట్టిది కాదు, మెత్తన. పులుపు కూడా తక్కువ. ఈ రెండూ గుర్తుంటే దేనితో పెట్టాలో, దేనితో పెట్టకూడదో మీకే తెలుస్తుంది.

పులుపు తక్కువ కాబట్టి చింతపండు పులుసులతో పెట్టకండి. తిండిలో పులుపు వైన్ కంటే ఎక్కువైతే వైన్ చప్పబడిపోతుంది. గోంగూర, ఆవకాయ, చేపల పులుసు వేటికీ ఇది సరిపడదు. చేపకి ఇంకో ఇబ్బంది ఉంది, ఎర్ర వైన్‌లో ఉండే ఇనుము చేప కొవ్వుతో కలిసి నోట్లో నీచు వాసన, ఇనుప రుచి తెస్తుంది. ఎండు నెత్తళ్ల వేపుడుతో ఒక్కసారి ప్రయత్నించాను, మళ్లీ చెయ్యను. మిరపకారం విషయం కూడా తిన్నగా చెప్తున్నాను, ఇందులో 13, 14 శాతం ఆల్కహాల్ ఉంటుంది, అది కారపు మంటని పెంచుతుంది. మన ఇళ్లల్లో వేసేంత కారం వేసి పెడితే అతిథికి వైనూ తెలీదు, కూరా తెలీదు. ఎండుమిరప సగానికి తగ్గించి, ఆ సగం మిరియంతో పూరించండి. మిరియం, జీలకర్ర, ధనియాలు, ఈ మూడూ దీనికి సొంత చుట్టాలు.

ఇది నా ఊహ కాదు, చిలీవాళ్లు తినేదే అది. వాళ్ల ఎంపనాడా ఉంది, మన కజ్జికాయ ఆకారంలో ఉంటుంది కాని లోపల కైమా, ఉల్లిపాయ, ఉడికించిన గుడ్డు ముక్క, జీలకర్ర ఘాటు. అక్కడి మపూచే జనం చేసే మెర్కెన్ అనే పొడి ఉంది, ఎండుమిరపని పొగలో ఆరబెట్టి, వేయించిన ధనియాలూ ఉప్పూ వేసి నూరుతారు. మొదటిసారి రుచి చూసినప్పుడు మా ఇంట్లో రోట్లో దంచిన కారప్పొడి పొయ్యి పక్కన పెట్టి మర్చిపోతే వచ్చే వాసనలా అనిపించింది. ఆ పొడి చల్లి కాల్చిన మాంసంతో ఆ వైన్ ఎంత బాగుంటుందో.

ఒకసారి సెలవులకి వస్తూ ఒక సీసా ఇంటికి తెచ్చాను. మా అమ్మ తాగదు, వాసన మాత్రం చూసింది. చూసి, ‘ఏటి బాబూ ఇది, పచ్చిమిరపకాయ కోసినట్టుంది, మిరియం కూడా ఉందేటి’ అంది. నాకు రెండు సంవత్సరాలు పట్టింది ఆ మాట చెప్పడానికి. తర్వాత తనే, ‘కోడి కాదు, మేక మాంసం వండుతాను, ధనియాలెక్కువేసి’ అంది. మట్టికుండలో, కట్టెల పొయ్యి మీద, చింతపండు లేకుండా, ఉల్లిపాయ ఎర్రగా వేయించి, ధనియాలు, మిరియాలు, చివర్న కొత్తిమీర వేసి వండింది. మా మావయ్య కూడా ఓడ మీద పనిచేసి వచ్చినవాడే, మేమిద్దరం చోడి ముద్దతో తిన్నాం. చోడి ముద్దకి సొంతంగా పెద్ద రుచి ఉండదు, కొంచెం మట్టి వాసన, కొంచెం వగరు, అది కూరనీ వైన్‌నీ కలిపి పట్టుకుంది. పొగ పొగతో కలిసింది, ధనియం ధనియంతో కలిసింది. ఓడలో తెల్ల గుడ్డ పరిచిన బల్లల మీద ఇంత చక్కటి జోడీ నేను వడ్డించలేదు.

శాకాహారులకి ఏం పెట్టాలి అని అడిగిందెవరమ్మా, నువ్వేనా? మంచి ప్రశ్న. ముందు కాల్చిన వంకాయ. పచ్చడి చెయ్యండి కాని చింతపండు వద్దు, నిప్పుల మీద కాల్చి, మెదిపి, పచ్చి ఉల్లిపాయ, వేయించిన జీలకర్ర, నువ్వులపొడి. ఆ తొక్క మాడిన వాసనకి ఈ వైన్ పరిగెత్తుకుంటూ వస్తుంది. తర్వాత పచ్చి పనసకాయ కూర, ముక్కలు వేయించి మసాలా పెట్టి వండితే దాదాపు మాంసం చేసే పని చేస్తుంది. ఆవ పెట్టకండి, ఆవ ఘాటు ముక్కుకెక్కి వైన్ వాసన తెలియనివ్వదు. క్యాప్సికమ్‌లో శనగపిండి కూరినది కూడా బాగుంటుంది. పుట్టగొడుగులు మిరియంతో వేయించండి. ఏజెన్సీ వైపు దొరికే వెదురు కొమ్ముల్ని, అంటే లేత వెదురు మొలకల్ని, పులియబెట్టకుండా, తాజాగా ఉడికించి వేపుడు చేస్తే దీనితో కుదురుతుంది. ఏదీ చేతకాకపోతే పలాస జీడిపప్పు కొంచెం నెయ్యిలో వేయించి ఉప్పూ మిరియం చల్లండి, జీడిపప్పులో కొవ్వు వగరుని లాగేసుకుంటుంది, ఉప్పు దాన్ని ఇంకా మెత్తబరుస్తుంది. తీపి పదార్థాలతో మాత్రం వద్దు, తీపి తిని తాగితే వైన్ చేదుగా మిగులుతుంది.

వడ్డించడం గురించి రెండు ముక్కలు. రెడ్ వైన్ గది వేడిలో తాగాలి అని పుస్తకంలో ఉంటుంది. ఆ గది యూరప్ గది. కార్మెనేర్‌కి 16 నుంచి 18 డిగ్రీలు బాగుంటుంది, మన శ్రీకాకుళంలో జూన్ నెల గదిలో దానికి రెట్టింపు వేడి. ఫ్రిజ్‌లో పెట్టి, ఆ చల్లదనానికి వచ్చాక తీయండి. తెరిచాక అరగంట వదిలేస్తే పచ్చి వాసన కొంత సర్దుకుంటుంది. మిగిలితే బిరడా పెట్టి మళ్లీ ఫ్రిజ్‌లోనే, రెండు మూడు రోజుల్లో అయిపోవాలి. కొనేటప్పుడు సీసా ఎక్కడ పెట్టారో చూడండి. నేను ఒకసారి ఒక షాపులో అద్దాల అలమరాలో, నేరుగా ఎండ పడే చోట నిలబెట్టిన సీసా కొన్నాను, చాలా డబ్బు పెట్టాను. తెరిస్తే ఉడికిపోయిన ఎండుద్రాక్ష నీళ్ల వాసన, పండు లేదు, మిరియం లేదు. అంత దూరం నుంచి, ఆకు ఎర్రబడేదాకా ఆగి కోసిన పండు ఒక కిటికీ దగ్గర పాడైపోయింది. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. రేపు మీరు ఏ హోటల్లో చేరినా స్టోరు రూము చూసే పని మీ చేతికొస్తే, మొదటి రోజే సీసాల మీద ఎండ పడుతోందేమో, పొయ్యి సెగ తగులుతోందేమో చూడండి.

ఇది దొరక్కపోతే ఏం చెయ్యాలి అని మీరు అడుగుతారు, అన్ని చోట్లా దొరకదు నిజమే. నాసిక్ వైపు షిరాజ్ చేస్తారు, మిరియపు వాసన అందులోనూ ఉంటుంది, ఇప్పుడు చెప్పిన కూరల్లో చాలావాటికి అది నడుస్తుంది. కాని పచ్చికి, పొగకి మధ్యన ఉండే ఆ రుచి షిరాజ్‌లో నాకు దొరకలేదు.

వెనక బల్ల మీద ఎనిమిది గిన్నెలు మూతలు పెట్టి ఉంచాను. పచ్చ క్యాప్సికమ్, ఎర్ర క్యాప్సికమ్, దంచిన మిరియం, వేయించిన ధనియం, నేరేడు పండు గుజ్జు, కోకో, కాల్చిన వంకాయ తొక్క, కొత్తిమీర. ఏది ఎందులో ఉందో రాయలేదు. ఒక్కొక్కరు వెళ్లి కళ్లు మూసుకుని, మూత తీసి, చిన్నగా రెండుసార్లు వాసన పీల్చి, మళ్లీ మూత పెట్టి కాగితం మీద పేరు రాయండి. తెలుగులోనే రాయండి, ఇంగ్లీషు పేరు కోసం ఆగొద్దు. తోసుకోవద్దు, ఆఖరి మనిషి అయ్యేదాకా నేను ఇక్కడే ఉంటాను.